పాత షేరు ధరల్లో ఏది నమ్మాలి: నోటుబుక్కులోని 960, ఒక సైటులోని 94.60, ఇంకో సైటులోని 71.25?

ప్రశ్న:

గత సంవత్సరం మా నాన్నగారు కాలం చేశారు. ఆయన పేరున ఉన్న షేర్లు ఈ మధ్యనే నా ఖాతాలోకి మారాయి. కొన్న ప్రతిదాన్నీ ఆయన ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకునేవారు. అందులో 2006 ఆగస్టు 17వ తేదీ కింద ఒక కంపెనీ పేరు, దాని పక్కన "50 షేర్లు, ఒక్కోటి 960, మొత్తం 48,000" అని ఉంది. ఆ కంపెనీ షేరు ఇప్పుడు 612 దగ్గర ఉంది కాబట్టి మూడో వంతుకు పైగా నష్టం వచ్చిందేమో అనుకున్నాను. తీరా ఖాతా చూస్తే అందులో 50 కాదు, 500 షేర్లు ఉన్నాయి.

సరే, ఆ రోజు అసలు ధర ఎంతో చూద్దామని పాత ధరలు ఇచ్చే రెండు సైట్లు తెరిచాను. అదే కంపెనీకి, అదే తేదీకి ఒక సైటు ముగింపు ధర 94.60 అంటోంది, ఇంకొకటి 71.25 అంటోంది. నాన్నగారి చేతిరాతలో ఉన్న 960 రెండింటిలోనూ లేదు. లెక్కల విషయంలో ఆయన చాలా జాగ్రత్త మనిషి, తప్పు రాసి ఉంటారని నాకు నమ్మకం కలగడం లేదు. ఈ మూడింటిలో ఏది నిజం? ఆయన పెట్టుబడి ఏడాదికి ఎంత చొప్పున పెరిగిందో తెలుసుకోవాలంటే ఏ ధరతో లెక్క కట్టాలి?

సమాధానం 1:

మూడూ నిజమేనండీ, మీ నాన్నగారు తప్పు రాయలేదు. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు, చిక్కంతా అక్కడే ఉంది.

50 షేర్లు 500 అయ్యాయంటే మధ్యలో కంపెనీ బోనస్ షేర్లు (వాటాదారులకు ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు) ఇచ్చి ఉండాలి, లేదా షేరును విభజించి ఉండాలి, లేదా రెండూ జరిగి ఉండాలి. ఉదాహరణకు ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే 50 కాస్తా 100 అవుతాయి, ఆ తర్వాత ఒక్కో షేరును అయిదుగా విభజిస్తే 500 అవుతాయి. కంపెనీ ప్రకటనల్లో ఆ తేదీలు దొరుకుతాయి, ఒకసారి సరిచూసుకోండి. ఇలా జరిగినప్పుడు కంపెనీ విలువ పెరగదు, తరగదు. అదే రొట్టెను పది రెట్లు ఎక్కువ ముక్కలుగా కోసినట్టు. అందుకే ధరల పట్టికలు నడిపేవారు వెనకటి ధరలన్నిటినీ పదితో భాగించి చూపిస్తారు. అలా చేయకపోతే విభజన రోజున షేరు కుప్పకూలినట్టు చార్టులో కనబడుతుంది.

ఇప్పుడు మొదటి సైటులో ఆ తేదీ వరుసను మళ్ళీ తెరిచి, ముగింపు ధర ఒక్కటే కాకుండా ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ధరలు కూడా చూడండి. వాటిని పదితో గుణించినప్పుడు 960 ఆ రెంటి మధ్య పడితే మీ నాన్నగారి రాత అక్షరాలా సరైనదే. రోజు ముగిసేసరికి ధర 946కు దిగి ఉంటుంది, ఆయన మాత్రం మధ్యలో 960 దగ్గర కొని ఉంటారు. ముగింపు ధర అనేది ఆ రోజుకు వేసిన ఒక గుర్తు మాత్రమే, ఆ రోజు కొన్న వాళ్ళందరూ చెల్లించిన ధర కాదు. పక్కనే ఉండే లావాదేవీల పరిమాణాన్ని కూడా సైట్లు సాధారణంగా ఇదే నిష్పత్తిలో సర్దుతాయి, కాకపోతే అక్కడ భాగించడానికి బదులు గుణిస్తాయి.

పెద్ద కంపెనీల్లో ఇది ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే యాపిల్‌ను తీసుకోండి. 1980 డిసెంబరులో మొదటిసారి ప్రజలకు అమ్మినప్పుడు దాని షేరు 22 డాలర్లు. 1987, 2000, 2005 సంవత్సరాల్లో రెండేసిగానూ, 2014లో ఏడుగానూ, 2020లో నాలుగుగానూ ఆ షేరును విభజించారు. అంటే నాటి ఒక్క షేరు నేడు 224 షేర్లు. అందుకే ఇప్పటి పట్టికల్లో ఆ 22 డాలర్లు 10 సెంట్ల లోపు అంకెగా కనిపిస్తాయి. ఆ ధరకు యాపిల్ షేరును ఎవరూ ఎన్నడూ కొనలేదు, అయినా పోలికకు పనికొచ్చేది ఆ అంకే.

సమాధానం 2:

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను కానీ 71.25 సంగతి అందులో రాలేదు, మీ రెండో ప్రశ్నకు కీలకం అదే.

రెండో సైటు డివిడెండ్లను, అంటే కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బును కూడా లెక్కలోకి తీసుకుని పాత ధరలను సర్దుబాటు చేస్తోంది. డివిడెండ్ చెల్లించిన మేరకు డబ్బు కంపెనీ నుంచి బయటికి వెళ్ళిపోతుంది కాబట్టి ఎక్స్-డివిడెండ్ తేదీన (ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు) షేరు ధర మామూలుగా దాదాపు అంత మేరకు తగ్గుతుంది. షేరు 200 దగ్గర ఉండగా 4 డివిడెండ్ ఇచ్చారనుకోండి, ఆ సైటు అంతకు ముందున్న ధరలన్నిటినీ 0.98తో గుణిస్తుంది. 19 ఏళ్ళపాటు వచ్చిన ప్రతి డివిడెండ్‌కూ ఇలా గుణిస్తూ వస్తే 94.60 తగ్గి తగ్గి 71.25 దగ్గరికి రావడంలో వింత లేదు. 2004 నవంబరులో మైక్రోసాఫ్ట్ షేరుకు 3 డాలర్ల ప్రత్యేక డివిడెండ్ తాలూకు ఎక్స్-డివిడెండ్ తేదీ వచ్చినప్పుడు దాదాపు 30 డాలర్లున్న షేరు ఒక్క రోజులో 27 డాలర్ల పైచిలుకుకు దిగింది. దాన్ని చూసి నష్టమని ఎవరైనా లెక్క వేస్తే, తన చేతికి వచ్చిన 3 డాలర్లను మరిచిపోయినట్టే.

దీనివల్ల ఒక విషయం గుర్తుంచుకోవాలి: డివిడెండ్ సర్దుబాటు చేసిన పాత ధర స్థిరంగా ఉండదు. కంపెనీ మళ్ళీ డివిడెండ్ ఇచ్చిన ప్రతిసారీ వెనకటి చరిత్ర మొత్తం కొంచెం మారుతుంది. ఈరోజు 71.25 అని రాసి పెట్టుకుని వచ్చే ఏడాది చూస్తే 70 చిల్లర కనిపించవచ్చు. కాబట్టి స్ప్రెడ్‌షీట్‌లో పాత వరుసలకు కొత్త వరుసలు అతికించకండి, పట్టిక మొత్తాన్నీ ఒకేసారి మళ్ళీ దింపుకోండి. ఈ పొరపాటు చేసి నేను ఒక నెల పని పోగొట్టుకున్నాను.

ఇక మీ లెక్క. 94.60 నుంచి 612కు 19 ఏళ్ళలో చేరడం అంటే ఏడాదికి 10.3 శాతం చొప్పున పెరుగుదల. 71.25తో మొదలుపెడితే దాదాపు 12 శాతం. మొదటిది ధర ఒక్కదాని పెరుగుదల. రెండోది వచ్చిన ప్రతి డివిడెండ్‌తోనూ అదే రోజు అదే షేర్లు కొని ఉంటే దక్కే ఫలితం. మీ నాన్నగారు డివిడెండ్లను ఇంటి ఖర్చులకు వాడి ఉంటే ఆ రెండోది ఆయన అనుభవం కాదు. ఆయనకు నిజంగా ఎంత గిట్టిందో తెలియాలంటే పాసుపుస్తకంలో డివిడెండ్లు జమ అయిన తేదీలు, మొత్తాలు తీసి, 48,000 కొనుగోలుతో, షేర్ల ఇప్పటి విలువతో పాటు వరుసగా పెట్టి, స్ప్రెడ్‌షీట్‌లోని ఎక్స్‌ఐఆర్‌ఆర్ సూత్రంతో (వేర్వేరు తేదీల్లో వచ్చిపోయిన డబ్బుకు ఏడాది రాబడి చెప్పేది) లెక్కించండి. పన్ను కోసమైతే సైటు చూపే సర్దుబాటు ధరల జోలికి పోకండి. అక్కడ ఏ ధరను కొనుగోలు ధరగా తీసుకోవాలో, బోనస్ షేర్లను ఎలా లెక్కించాలో మీకు వర్తించే చట్టం చెబుతుంది.

ఇంకొక్క మాట. రెండు సైట్లలోనూ రోజువారీ మార్పు శాతాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఏదైనా ఒక రోజు ఒక సైటులో పెద్ద పతనం ఉండి, ఇంకోదానిలో లేకపోతే ఇక్కడ చెప్పండి.

సమాధానం 3:

లెక్కల గురించి ఇద్దరూ వివరంగా చెప్పారు. పాత ధరలను ఎలా చదవాలన్న దానిపై నేను కొంచెం చెబుతాను, ఎందుకంటే ఈ వారసత్వపు షేర్లను ఉంచుకోవాలా, అమ్మాలా అన్న ప్రశ్న మీకు త్వరలోనే ఎదురవుతుంది.

పందొమ్మిదేళ్ళ చార్టును మామూలు స్కేలు మీద చూడకండి. అక్కడ 100 నుంచి 200కు పెరగడం చిన్న గుట్టలా, 500 నుంచి 600కు పెరగడం కూడా అంతే ఎత్తు గుట్టలా కనబడుతుంది. నిజానికి మొదటిది రెట్టింపు, రెండోది 20 శాతం. లాగ్ స్కేలుకు మార్చుకుంటే సమాన శాతాలు సమాన ఎత్తులో కనిపిస్తాయి, తొలి ఏళ్ళలో వచ్చిన భారీ పతనాలు అప్పుడు గానీ కంటికి ఆనవు.

పాత గరిష్ఠ ధరను ఒక మొక్కులా పట్టుకుని కూర్చోవడం చాలామందిని దెబ్బతీస్తుంది. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ అందుకున్న ముగింపు ధరను ఆ షేరు మళ్ళీ దాటింది 2016 అక్టోబరులో. డివిడెండ్లు కలిపి చూస్తే అంతకంటే ముందే దాటింది, అయినా అది చాలా సుదీర్ఘమైన నిరీక్షణ. రివర్స్ స్ప్లిట్ జరిగిన చోట ఇంకా జాగ్రత్త అవసరం. సిటీగ్రూప్ 2011 మేలో పది షేర్లను ఒకటిగా కలిపింది. దాంతో 2006 చివర 50 డాలర్ల పైన అమ్ముడైన ఆ షేరు నేటి చార్టుల్లో 500 డాలర్ల పైన ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ శిఖరాన్ని చూసి ఒకప్పుడు షేరు అంత ఖరీదని అనుకుంటే పొరపాటు. కానీ ఆనాటి నుంచి పడిన శాతం మాత్రం ముమ్మాటికీ నిజం.

నా దృష్టిలో పాత ధరల వల్ల ఎక్కువ మేలు జరిగేది భవిష్యత్తును ఊహించడంలో కాదు, ఓర్పును కొలుచుకోవడంలో. మీ చేతిలోని కంపెనీ ఈ 19 ఏళ్ళలో శిఖరం నుంచి ఎంత లోతుకు పడింది, మళ్ళీ తేరుకోవడానికి ఎన్ని నెలలు పట్టింది అని రెండు అంకెలు రాసుకోండి. అలాంటిది మళ్ళీ వస్తే తట్టుకోగలరా అన్నది మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్న.

అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. గరిష్ఠ, కనిష్ఠ ధరలు చూశాను. ఆ రోజు మొదటి సైటులో 96.80, 93.90 అని ఉన్నాయి. పదితో గుణిస్తే 968, 939. నాన్నగారి 960 ఆ రెంటి మధ్యే ఉంది. అది చూసి కాసేపు ఆ పేజీ మూయలేకపోయాను.

మీరు అడిగినట్టు రెండు సైట్లనూ పోల్చాను. 2013లో ఒక రోజు మొదటి సైటులో షేరు 12 శాతం పడింది, రెండోదానిలో దాదాపు ఏ మార్పూ లేదు. ఆ వారం వార్తల్లో కంపెనీ గురించి చెడ్డ కబురేమీ కనిపించలేదు.

సమాధానం 2:

అది డీమెర్జర్ అయి ఉంటుంది. అంటే కంపెనీ తన విభాగాల్లో ఒకదాన్ని వేరే కంపెనీగా విడదీసి, దాని షేర్లను పాత వాటాదారులకే పంచి ఉంటుంది. రెండో సైటు దాన్ని కూడా సర్దింది, మొదటిది సర్దలేదు. నా మొదటి సమాధానంలో తేడా మొత్తాన్నీ డివిడెండ్లకే అంటగట్టాను, దాన్ని ఇలా సవరించుకుంటున్నాను. విడిపోయిన కంపెనీ షేర్లు మీ నాన్నగారికి కూడా వచ్చి ఉండాలి. ఖాతాలో ఆయన నోటుబుక్కులో లేని పేరేదైనా ఉందేమో చూడండి. ఉంటే 48,000లో కొంత భాగం దాని కొనుగోలు ధర అవుతుంది. ఏ నిష్పత్తిలో పంచాలో కంపెనీ అప్పట్లో వాటాదారులకు తెలియజేసి ఉంటుంది.

అడిగినవారు:

ఉందండీ. 100 షేర్లు. నోటుబుక్కులో ఎక్కడా లేకపోవడంతో అవి ఎక్కడివో తెలియక, పొరపాటున వచ్చాయేమో అనుకుని పక్కన పెట్టాను. కంపెనీ పాత ప్రకటన కూడా ఇప్పుడే దొరికింది: ప్రతి 5 షేర్లకు కొత్త కంపెనీ షేరు ఒకటి. 2013 నాటికే ఆయన దగ్గర 500 ఉన్నాయి కాబట్టి లెక్క సరిపోయింది. నోటుబుక్కులో ఆ పేజీ కింద ఖాళీ ఉంది, ఆ వరుసను నేను రాస్తున్నాను.