స్టార్ట్-స్టాప్ ఉన్న డీజిల్ ఎస్‌యూవీకి మామూలు బ్యాటరీ వేయించవచ్చా?

ప్రశ్న:
మాది ఖమ్మం. ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ వాడుతున్నాం. కొన్నప్పుడు వచ్చిన బ్యాటరీకి ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. కొంతకాలంగా పొద్దున్నే సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగి మళ్లీ అందుకునే స్టార్ట్-స్టాప్ కూడా పని చేయడం మానేసింది. పాత బ్యాటరీ మీద ఏజీఎం, 12 వోల్టులు, 70 ఆంపియర్ అవర్, 760 ఆంపియర్లు అని ఉంది. అదే సైజులో మామూలు బ్యాటరీ చాలా తక్కువకు వస్తుందని, తేడా ఏమీ తెలియదని దుకాణంలో చెబుతున్నారు. పిల్లలతో, పెద్దవాళ్లతో దూరాలు వెళ్లే బండి కనుక దారిలో ఆగిపోకూడదన్నదే నా ఆలోచన. ఏది వేయించమంటారు?

సమాధానం:
ఏజీఎమ్మే వేయించండి. మొదటి నెలల్లో తేడా తెలియదన్న మాట నిజమే కాబట్టే చాలామంది ఆ సలహాకు లొంగిపోతున్నారు. మామూలు బ్యాటరీ పని ఇంజన్‌ను ఒకసారి లేపి పక్కకు తప్పుకోవడం. మీ బండిలోనైతే ట్రాఫిక్‌లో ఇంజన్ ఆగిన ప్రతిసారీ ఏసీ బ్లోయర్, లైట్లు, పాటలు అన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి, ఆ వెంటనే డీజిల్ ఇంజన్‌ను మళ్లీ తిప్పాలి. ఇలా ఛార్జి పదే పదే దిగి ఎక్కుతుంటే మామూలు బ్యాటరీలో పలకల మీది పదార్థం రాలి అడుక్కు చేరుతుంది. ఏజీఎంలో యాసిడ్‌ను పీల్చుకున్న గాజు నార పొరలు పలకలను గట్టిగా అదిమి పట్టుకుంటాయి కనుక ఆ పదార్థం అంత తేలిగ్గా రాలదు. ఈ రెండింటికీ మధ్యది ఈఎఫ్‌బీ, అంటే మామూలు బ్యాటరీనే మెరుగుపరచిన రకం. ఏజీఎంతో వచ్చిన బండికి ఏజీఎం, ఈఎఫ్‌బీతో వచ్చిన దానికి కనీసం ఈఎఫ్‌బీ అన్నది గుర్తుంచుకోండి.

అయితే కొనేముందు మల్టీమీటర్‌తో చూడండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో పూర్తి ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులకు పైన చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతుండగా అది ఎంతకు పడుతోందో, ఇంజన్ నడుస్తుండగా ఎంత ఉందో కూడా రాసుకోండి.

ప్రశ్న:
చూశానండీ. పొద్దున 12.3, సెల్ఫ్ కొడుతుంటే 8.9, ఇంజన్ నడుస్తుంటే 14.2 ఉంది. ఎలాగూ మారుస్తున్నాం కదా, 80 ఆంపియర్ అవర్‌ది తీసుకుంటే ఇంకా మంచిదా?

సమాధానం:
ఆల్టర్నేటర్ ఛార్జింగ్ బాగానే ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతోందంటే బ్యాటరీ బలం తగ్గిందనే అనుకోవాలి. దుకాణంలో లోడ్ టెస్టర్ పెట్టించి ఖాయం చేసుకోండి.

80 వేసినంత మాత్రాన నష్టం లేదు, కానీ అది ట్రేలో కూర్చోవాలి, అడుగున బిగించే క్లాంపుకు అందాలి. పెద్ద బ్యాటరీ పొడవు ఎక్కువగా ఉండవచ్చు. క్లాంపు అందక వదులుగా ఉన్న బ్యాటరీ గతుకుల్లో కదిలి త్వరగా పాడవుతుంది. మీకు 70 చాలు. దానికన్నా ముఖ్యంగా చూడాల్సింది 760 అన్న అంకె: ఇంజన్‌ను తిప్పేందుకు చలిలో కూడా ఇవ్వగల కరెంటు అది, దాన్ని తగ్గనివ్వకండి. ప్లస్ టెర్మినల్ పాతదానికి ఎటువైపు ఉందో ఫోటో తీసుకుని వెళ్లండి. అటూ ఇటూ అయితే కేబుల్ అందదు, బలవంతంగా లాగితే ప్రమాదం.

తయారీ తేదీ తప్పకుండా అడగండి. కదలకుండా ఉన్న బ్యాటరీ కూడా తనంతట తాను దిగిపోతుంది, మన ఎండలకు ఇంకా త్వరగా. నెలల తరబడి షెల్ఫ్‌లో ఉండి 12.5 కంటే తక్కువ చూపిస్తున్న దాన్ని ఏ కంపెనీదైనా తీసుకోవద్దు.

బిగించేటప్పుడు రెండు విషయాలు దగ్గరుండి చూసుకోండి. పాత బ్యాటరీ చుట్టూ వేడి తగలకుండా గుడ్డలాంటి తొడుగు ఉంటే కొత్తదానికీ వేయించండి. మెకానిక్కులు దాన్ని పక్కన పడేయడం మామూలే. మైనస్ క్లాంపు మీద చిన్న నల్లటి పెట్టె ఉంటే అది బ్యాటరీ సెన్సర్. అలాంటి బండ్లలో చాలావాటికి కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానర్‌తో నమోదు చేయాలి. అవసరమైన చోట అది చేయకపోతే బండి పాత బ్యాటరీ లెక్క ప్రకారమే ఛార్జి చేస్తుంది, స్టార్ట్-స్టాప్ కూడా తిరిగి రాకపోవచ్చు.

మరో సభ్యుని సమాధానం:
ధర విషయంలో ఒక మాట చేరుస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ బ్యాటరీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక పాత రేట్ల పట్టిక చూపిస్తే ఒప్పుకోకండి. వారంటీ 24+24 నెలలు అని ఉంటే మొదటి 24 నెలల్లో పాడైతేనే ఉచితంగా మారుస్తారు; తర్వాతి 24 నెలల్లో ధరలో కొంత తగ్గింపు మాత్రమే ఇస్తారు. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు రాయించుకోండి. పాత బ్యాటరీలో సీసం ఉంటుంది కనుక దానికి ధర పలుకుతుంది. ఎంత తగ్గిస్తున్నారో బిల్లులో విడిగా చూపించమని అడిగి, దాన్ని దుకాణంలోనే ఇచ్చేయండి.