గోల్ఫ్‌లో ఫస్ట్ హోల్ ఇన్ వన్ (ఒక్క షాట్‌కే బంతి గుంతలో)… కానీ బంతి కనపడక ఇంకోటి కూడా కొట్టా, లెక్కలోకి వస్తుందా?

పటమట_స్లైసర్: నెలకోసారి కిట్ బ్యాగు మోసుకుంటూ రత్నాచల్ ఎక్కి వైజాగ్ పోయి ఆడే బ్యాచ్ మాది. మొన్న ఆదివారం 148 గజాల పార్ త్రీ (మూడు షాట్లలో ముగించాల్సిన హోల్), ఎదురుగాలి, సెవెన్ ఐరన్ కర్ర తీశా. బంతి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పడ్డం చూశా, ఆ తర్వాత ఎండ కళ్ళల్లో కొట్టి ఏం కనపళ్ళేదు. వెనక పొదల్లోకి పోయిందనుకుని ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే లెక్కలోకొచ్చే బంతి) అని చెప్పి ఇంకోటి కొట్టా. పొదలన్నీ దులిపాం, చేతులు గీరుకుపోయాయ్. ఇక చాల్లే అని వచ్చి జెండా తీయబోతే క్యాడీ కుర్రోడు "సార్, లోపల ఒకటుంది" అన్నాడు. నాదే, నీలం మార్కర్‌తో మూడు చుక్కలు. ఇప్పుడు ఇది 1 కిందేనా? పార్టీ ఎంతమందికివ్వాలి? బంతిని ఫ్రేమ్ కట్టించాలంటే బెజవాడలో ఎక్కడ?

గుంటూరు_మిర్చి: పార్టీ అన్నావ్ కాబట్టి చెప్తున్నా, నోరు మూసుకుని ట్రైనెక్కి రా. నాకు పడినరోజు క్లబ్బులో మొహం తెలీనోళ్ళు కూడా కంగ్రాట్స్ బ్రదర్ అంటూ గ్లాసు పట్టుకొచ్చారు, కొట్టినోడే అందరికీ పోయించాలంట, ఆనవాయితీ అంట. కాయల రేటు పడిపోయిన ఏడాది అది, బిల్లు చూసి మా ఆవిడ వారం మాట్లాళ్ళేదు. జపాన్‌లో దీనికి ఇన్సూరెన్సే చేయించుకుంటారు తెలుసా, ఊరికే కాదు.

బెంజ్‌సర్కిల్_బాబాయ్: 22 ఏళ్ళుగా ఆడుతున్న అనుభవంతో చెప్తున్నా తమ్ముడూ, రెండో బంతి కొట్టినప్పుడే మొదటిది చచ్చింది. పైగా వెతకడానికి 5 నిమిషాలే. దాటితే లాస్ట్ బాలే.

పటమట_స్లైసర్: ప్రొవిజనల్ అని చెప్పే కొట్టానండీ

బెంజ్‌సర్కిల్_బాబాయ్: చెప్తే మాత్రం? టైము దాటిందా లేదా?

లబ్బీపేట_రూల్‌బుక్: బాబాయ్ గారూ, 5 నిమిషాలు పాతకాలం మాట, 2019 నుంచి 3 నిమిషాలే. అయినా ఇక్కడ ఆ గొడవే లేదు, రూల్ 6.5 చూడండి. బంతి గుంతలో పడగానే ఆ హోల్ అయిపోయింది. తర్వాత తెలీక ఎన్ని బంతులు కొట్టినా, సాయంత్రం దాకా పొదల్లో తిరిగినా లెక్కలోకి రాదు, పెనాల్టీ కూడా లేదు. ప్రొవిజనల్ అని చెప్పకపోయినా ఇంతే. స్కోరు 1.

బెంజ్‌సర్కిల్_బాబాయ్: గట్టు మీద కూర్చుని ఈత నేర్పేవాళ్ళు ఎక్కువైపోయారు ఇక్కడ. ముందు మీ హ్యాండికాప్ (ఎంత తక్కువుంటే అంత మంచి ఆటగాడు) ఎంతో చెప్పండి.

లబ్బీపేట_రూల్‌బుక్: 31. అయితే ఏంటట? అంపైర్ సెంచరీ కొట్టాకే వేలెత్తాలా?

బ్రాడీపేట_లెఫ్టీ: మీరూ మీరూ కొట్టుకోండిగానీ నా గోడు వినండి. మామూలు ఆటగాడికి 12,500 షాట్లకి ఒకటి పడుతుందని అమెరికావాళ్ళ లెక్క. ఆ ఒక్కటీ నాకెప్పుడు పడిందంటే, పొద్దున్నే ఒక్కణ్ణే ఆడుతున్నప్పుడు. చూసింది ఓ కుక్క. క్లబ్బు బోర్డు మీద పేరెక్కాలంటే సాక్షి ఉండాలన్నారు. మా బావమరిదైతే ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనపడితే చాలు "కుక్క బాగుందా బావా" అంటాడు.

గుంటూరు_మిర్చి: అదృష్టం అంటే నీదిరా బాబూ, ఒక బిస్కెట్ ప్యాకెట్‌తో పోయింది

బెంజ్‌సర్కిల్_బాబాయ్: సరే 1 అనే అనుకుందాం. ఎదురుగాలిలో సెవెన్ ఐరన్‌తో 148 గజాలా? నాకే ఇంకా దూరం కొట్టే సిక్స్ ఐరన్ తీస్తేగానీ పోదు.

బ్రాడీపేట_లెఫ్టీ: మీ వయసూ ఆయన వయసూ ఒకటా బాబాయ్

బెంజ్‌సర్కిల్_బాబాయ్: వయసు జోలికి రావద్దు

పటమట_స్లైసర్: ఫ్రేమ్ గురించి ఒక్కళ్ళూ చెప్పలేదు, ఇక అక్కర్లేదులెండి. ప్రొవిజనల్ బంతి మీద రెండు చుక్కలే ఉండేవి, రెండూ టీవీ పక్కన పెట్టా. మా బుడ్డోడు అదే నీలం మార్కర్ తీసుకుని దానికి మూడో చుక్క కూడా పెట్టేశాడు. కంపెనీ ఒకటే, నంబరూ ఒకటే. గంట నుంచి చూస్తున్నా, ఏది ఏదో అర్థమవట్లే.

బెంజ్‌సర్కిల్_బాబాయ్: అందుకే రెండో బంతి కొట్టకూడదన్నది.