'దట్ వాజ్' తీసేయడం పిల్లలకు ఎలా చెప్పాలి?

నమస్కారం. సాయంత్రాలు మా వీధి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. నిన్న పదో తరగతి పాప ఒకరు 'నాన్న రాసిన ఉత్తరం చిరిగిపోయింది' అనడానికి 'ద లెటర్ రోట్ బై మై ఫాదర్ ఈజ్ టోర్న్' అని రాసింది. 'రోట్' కొట్టేసి 'రిటెన్' అని దిద్దాను. ఎందుకని అడిగితే తడబడ్డాను.

తెలుగులో 'ఉత్తరం రాసిన నాన్న', 'నాన్న రాసిన ఉత్తరం' రెండింటికీ ఒకే 'రాసిన' సరిపోతుంది. ఇంగ్లీషులో మొదటిదానికి 'హూ రోట్', రెండోదానికి 'దట్ మై ఫాదర్ రోట్' అనో 'దట్ వాజ్ రిటెన్ బై మై ఫాదర్' అనో కావాలి. పాప తప్పు ఇక్కడి నుంచే వచ్చిందనుకుంటున్నాను.

నా అసలు చిక్కు తర్వాతిది. 'ద లెటర్ దట్ మై ఫాదర్ రోట్'లో 'దట్' ఒక్కటే తీసేయొచ్చు. 'ద లెటర్ దట్ వాజ్ రిటెన్ బై మై ఫాదర్'లో మాత్రం తీస్తే 'దట్ వాజ్' రెండూ కలిపి తీయాలి, 'దట్' ఒక్కటే తీస్తే వాక్యం చెడుతుంది. పైగా 'ద గెస్ట్స్ ఇన్వైటెడ్ యెస్టర్‌డే' అంటే 'నిన్న పిలిచిన అతిథులు' అవుతుంది, కానీ 'నిన్న వచ్చిన అతిథులు' అనడానికి 'ద గెస్ట్స్ అరైవ్డ్ యెస్టర్‌డే' కుదరదు, 'హూ' ఉండాల్సిందే. కర్మ లేని క్రియ కాబట్టేనా?

వ్యాకరణ పదాలు వాడకుండా, తెలుగు వాక్యాలతో పోల్చి దీన్ని ఎలా చెప్పాలి? క్లాసులో చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి రాయండి. ఆ పాప రేపు మళ్లీ అడుగుతుంది.