గోపాలపూర్ హోటళ్ల పన్నుతో బరంపురంలో ఆటస్థలాలు కట్టవచ్చా?

ప్రశ్న (బరంపురం వాసి)

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని లాస్ వేగాస్‌లో హోటల్ గదుల మీద అదనపు పన్ను వేసి, ఆ రాబడిని చూపి బాండ్లు (అప్పు పత్రాలు) జారీ చేసి, ఫుట్‌బాల్ స్టేడియానికి 75 కోట్ల డాలర్లు సమకూర్చారు. 2016లో నెవాడా శాసనసభ ఇందుకు అనుమతించింది, 2020లో స్టేడియం తెరుచుకుంది. ఒడిశా తీరంలోని మన గోపాలపూర్‌కు చలికాలమంతా యాత్రికులు వస్తూనే ఉంటారు. వారు కట్టే పన్నులో కొంతైనా గంజాం జిల్లాలోనే మిగిలి, తీరం శుభ్రతకూ, ఇక్కడి పిల్లల ఆటలకూ ఖర్చు కావాలని నా కోరిక. 2010 కామన్‌వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ గారు మన బరంపురం వారే. ఇటువంటి పన్ను వేసే అధికారం మన మున్సిపాలిటీలకు ఉందా?

జవాబు 1 (పన్ను సలహాదారు, బరంపురం)

గది అద్దె మీద స్థానిక సంస్థ విడిగా పన్ను వేయడానికి ఇప్పుడు వీలు లేదు. హోటల్ గదుల వంటి వాటి మీద విలాస పన్ను వేసే అధికారం పూర్వం రాష్ట్రాలకు ఉండేది. 101వ రాజ్యాంగ సవరణ దానిని తొలగించగా, 2017 జులై 1 నుంచి ఆ పన్ను జీఎస్టీలో కలిసిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదికి 5 శాతం, అంతకు మించితే 18 శాతం పన్ను ఉంది. రెండు వేల రూపాయల గదికి వంద రూపాయలు పన్ను పడితే, యాభై కేంద్రానికి, యాభై ఒడిశా ప్రభుత్వానికి చేరుతాయి. యాత్రికుడు హైదరాబాద్ నుంచి వచ్చినా, కోల్‌కతా నుంచి వచ్చినా హోటల్ ఉన్న రాష్ట్రానికే ఆ వాటా దక్కుతుంది కానీ, గోపాలపూర్ కౌన్సిల్‌కు అందులో నేరుగా ఒక్క రూపాయి రాదు. పైగా ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న లాడ్జీలు జీఎస్టీ కింద నమోదు కానవసరమే లేదు.

ఒక దారి మాత్రం మిగిలి ఉంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసుకునే వినోద పన్నును రాజ్యాంగం అలాగే ఉంచింది. 243ఎక్స్ అధికరణం ప్రకారం శాసనసభ చట్టం చేసి అనుమతిస్తే, జలక్రీడల టికెట్ల వంటి వాటి మీద పన్ను వేయవచ్చు. అయితే ఆ టికెట్ల మీద జీఎస్టీ ఎలాగూ ఉంటుంది కనుక, మొత్తం భారం ఎంతవుతుందో ముందుగానే లెక్క చూసుకోవాలి.

జవాబు 2 (లాడ్జి నిర్వాహకుడు, గోపాలపూర్)

పన్ను కట్టడానికి మాకు అభ్యంతరం లేదు, కానీ గదుల రాబడిని నమ్మి అప్పు చేయడం మన తీరానికి తగదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అటువంటి సంవత్సరాల్లో గదులు ఖాళీగా పడి ఉంటాయి, వాయిదాలు మాత్రం ఆగవు. కోవిడ్ కాలంలో లాస్ వేగాస్ స్టేడియం బాండ్ల చెల్లింపులకు నిల్వ నిధిని ముట్టుకోవలసి వచ్చింది. అంత పెద్ద ఊరికే తప్పని ఇబ్బంది మనకు ఎలా తప్పుతుంది? మహారాష్ట్రలోని మాథేరాన్‌లో మున్సిపాలిటీ ప్రతి సందర్శకుడి నుంచి ప్రవేశ రుసుము తీసుకుంటుంది. ఇక్కడా చట్టబద్ధంగా అటువంటిది పెట్టి, విడి ఖాతాలో వేసి, ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్న లెక్కను తీరం దగ్గరే బోర్డు మీద రాస్తే, బస చేసేవారు సంతోషంగానే ఇస్తారు.

జవాబు 3 (వ్యాయామ ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

మనకు కావలసింది స్టేడియం కాదండీ. 2023 ప్రపంచ కప్ హాకీకి రూర్కెలాలో ఇరవై వేల మందికి పైగా కూర్చునే బిర్సా ముండా స్టేడియాన్ని రాష్ట్ర ప్రభుత్వమే కట్టించింది. అంతటి పనులు ఆ స్థాయిలోనే జరగాలి. జిల్లాల్లో వెయిట్‌లిఫ్టింగ్‌కు గట్టి వేదిక, మంచి బార్‌బెల్, జీతం ఆగకుండా అందే కోచ్, వాన నీరు కారని కప్పు ఉంటే చాలు. కట్టడానికి ఒకసారి డబ్బు ఎక్కడి నుంచైనా వస్తుంది, ఏటేటా నడపడానికి మాత్రం ఎవరూ ఇవ్వరు. కనుక సందర్శకుల రుసుమును నిర్వహణకే కేటాయించాలి. మహేంద్రగిరి కొండ వంటి చోట్లకు యాత్రికులను తీసుకొచ్చే దారులకూ అందులో వాటా ఉండాలి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. అయితే గదుల మీద రాష్ట్రానికి వచ్చే జీఎస్టీలో నిర్ణీత వాటాను ఆయా ఊళ్లకు ఇవ్వాలని స్థానిక సంస్థలకు నిధుల వాటాను సిఫారసు చేసే రాష్ట్ర ఆర్థిక సంఘానికి వినతిపత్రం రాస్తాను. నిర్వహణకే వాడాలన్న షరతును అందులో చేరుస్తాను. ముసాయిదా ఇక్కడే పెడతాను, తెలుగులోనూ ఒడియాలోనూ సరిచూసేవారు కావాలి.