అద్దె ఇంటి ముందు లాన్ వేస్తే కిరాయి పెరుగుతుందా?

ప్రశ్న: హైదరాబాద్ బోడుప్పల్‌లో 200 గజాల్లో మా ఇల్లుంది. కింది పోర్షన్‌కి 16 వేల కిరాయి వస్తోంది, వచ్చే నెల ఖాళీ అవుతోంది. ముందున్న జాగాలో లాన్, ఫౌంటెన్, లైట్లు పెడితే 20 వేలు పలుకుతుందని ఒకాయన 1,20,000 కొటేషన్ ఇచ్చాడు. మేముండేది వరంగల్‌లో. చేయించమంటారా?

జవాబు: ఆగండి. నేను లాన్ వేసి చేతులు కాల్చుకున్నవాణ్ణే. రోజూ నీళ్లు ఎవరు పోస్తారు? మా ఇంట్లో దిగినవాళ్లు రెండు వారాలు పోసి వదిలేశారు. ఏప్రిల్‌లో బోరు తగ్గి ట్యాంకర్ తెప్పించుకునే రోజుల్లో గడ్డిని ఎవరు చూస్తారు? మే వచ్చేసరికి ఎండి చాపలా అయింది, ఇల్లు ముందుకంటే పాడుబడ్డట్టు కనిపించింది.

పోర్షన్ అద్దె బెడ్‌రూములు, నీళ్లు, పార్కింగ్‌ని బట్టి ఆ వీధిలో ఎంత నడుస్తోందో అంతే. లాన్ చూసి వెయ్యి ఎక్కువిచ్చారనుకున్నా, మీ డబ్బు తిరిగి రావడానికి 120 నెలలు. పదేళ్లు! అదే ఇల్లు శుభ్రంగా కనిపించి ఒక నెల ముందు నిండితే 16 వేలు మిగిలినట్టే.

బండి పెట్టేచోట బురద లేకుండా తాండూరు బండలు పరిపించండి. వాన నీరు గడపలోకి రాకుండా వాలు చూసి ఇంకుడు గుంత తీయించండి. గోడ వెంట మందారం, నందివర్ధనం, కరివేప చాలు. కోనోకార్పస్ మాత్రం వద్దు, వేర్లు డ్రైనేజీ పైపుల్లో దూరతాయి.

ఇంకొకరు: గచ్చిబౌలి వైపు విల్లాల్లో తోట చూసే ఎక్కువిస్తారండి. కాకపోతే అక్కడ మాలి జీతం మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది.

ప్రశ్న: ఈ ఖర్చు ఇన్‌కమ్‌ట్యాక్స్‌లో చూపించుకోవచ్చా?

జవాబు: అద్దె ఆదాయంలో విడిగా కుదరదు. కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఎలాగూ ఉంటుంది. మీరు రూపాయి పెట్టినా, లక్ష పెట్టినా అంతే. బండల్లాంటి శాశ్వత పనుల బిల్లులు మాత్రం పారేయకండి. ఇల్లు అమ్మినప్పుడు లాభం లెక్కలో మెరుగుదల ఖర్చుగా పనికి రావచ్చు, మీ ఆడిటర్‌ని అడగండి. మొక్కలు, ఎరువుల బిల్లులతో పెద్దగా లాభం లేదు.

ప్రశ్న: సరే, ఫౌంటెన్ మానేశాం. గేటు పక్కన పాత మల్లె పందిరి ఉంది, పీకేయమంటారా?

జవాబు: అయ్యో, ఉంచండి! మా ఇల్లు చూడ్డానికొచ్చిన ఒకావిడ అద్దె కంటే ముందు అడిగింది, పూలు మేం కోసుకోవచ్చా అనే.