బొక్తాయ్: నిజం ఎండ లేకుండా ఆడితే అది అదే ఆటా?

పాతకాట్రిడ్జ్:
2003లో కొనామి కంపెనీ గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి (చేతిలో పట్టుకుని ఆడే పరికరం) తెచ్చిన బొక్తాయ్ అనే ఆట సంగతి. మెటల్ గేర్ ఆటల సృష్టికర్త కొజిమా దీని నిర్మాత. ఎండను కొలిచే సెన్సర్ కాట్రిడ్జ్‌లోనే (పరికరంలో దూర్చే ఆట బిళ్ల) ఉంటుంది, బయటికెళ్లి ఎండ పట్టిస్తేనే ఆటలో హీరో తుపాకీ నిండుతుంది. ఇప్పుడు ఎంజీబీఏ ఎమ్యులేటర్‌లో (పాత పరికరంలా నటించే ప్రోగ్రాం) ఆ వెలుగుని మెనూలో 0 నుంచి 10 దాకా పెట్టేసుకోవచ్చు. దీన్ని భద్రపరచడం అంటే నేను ఒప్పుకోను. గోడకి ఆనుకుని టక్కుమని కొట్టడం, శత్రువు అటు తిరగ్గానే వెనక నుంచి జారుకోవడం, ఇదంతా ఎండ కరువైనప్పుడే కదా పనికొచ్చేది? 10లో పెట్టుకున్నవాడికి దాక్కునే ఖర్మేమిటి!

సోల్డర్‌పొగ:
బాగానే ఉందండీ, కాట్రిడ్జ్ చచ్చిపోయాక ఏం ఆడతారు? ముందు డంప్ తీయండి, అంటే కాట్రిడ్జ్‌లోని ఆటని కంప్యూటర్‌లోకి ఫైల్‌గా కాపీ చేయండి. కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక రీడర్‌లో పెట్టండి. రీడర్ 3.3 వోల్టుల్లో ఉండాలి. 5 వోల్టులు పాత గేమ్ బాయ్ కాట్రిడ్జ్‌లకి, ఇక్కడ పెడితే చిప్ పోవచ్చు. రెండుసార్లు చదివి రెండు ఫైళ్ల హ్యాష్ (ఫైల్ వేలిముద్ర లాంటి అంకె) పోల్చండి. హెడర్ (ఫైల్ మొదట్లోని చిన్న భాగం) చెక్‌సమ్ సరిపోయింది కదా అని వదిలేయొద్దు, అది హెడర్‌లోని కొన్ని బైట్లకే, మిగతా రోమ్ (ROM, ఆట డేటా) చెడినా పట్టుకోదు. సేవ్ ఫైల్ విడిగా తీయండి. సేవ్ ఈఈప్రామ్‌లో (కరెంటు లేకపోయినా చెరగని చిప్) ఉంటుంది కాబట్టి బ్యాటరీ అయిపోతే ఆగేది గడియారం మాత్రమే.

నీడచాటు:
ఫోన్‌లో రెట్రోఆర్క్ (రకరకాల ఎమ్యులేటర్లని 'కోర్'లుగా నడిపే యాప్) ఉంటే మధ్యేమార్గం ఉంది. ఎంజీబీఏ కోర్ ఆప్షన్లలో సోలార్ సెన్సర్ దగ్గర పరికరం సెన్సర్ వాడమని పెట్టొచ్చు. కాకపోతే ఫోన్ లైట్ సెన్సర్ ముందు కెమెరా పక్కన ఉంటుంది. దానికి ఎండ తగలాలంటే తెర సూర్యుడికేసి తిప్పాలి, తిప్పితే ఏమీ కనిపించదు. పాత అడ్వాన్స్ తెరకి బ్యాక్‌లైట్ లేదు, ఎండ పడితేనే బొమ్మ తేటగా కనిపిస్తుంది. ఈ ఆట ఆ తెరకే పుట్టింది. ఇంకో చిక్కు, గదిలో 300–500 లక్స్ (వెలుగు కొలత) ఉంటే మిట్టమధ్యాహ్నం లక్ష దాకా పోతుంది. ఆ లక్షని నేరుగా పది సమాన మెట్లు చేస్తే నీడ, మబ్బు అన్నీ అడుగు మెట్లలోనే పడతాయి.

పాతకాట్రిడ్జ్:
మే నెల రామగుండంలో ఒంటిగంటకి ఈ ప్రయోగం చేస్తే ఫోన్ కన్నా ముందు మనిషి పడిపోతాడు. సరే, మెనూలోని ఆ 0–10 స్లైడరే వాడండి. కిటికీలోంచి చూసి అంకె పెట్టుకుని, కోటలోకి దిగాక ముట్టుకోవద్దు. ఆట గడియారం రాత్రి 11 చూపిస్తుంటే స్లైడర్ 8 ఏమిటి మరి?

సోల్డర్‌పొగ:
ఆ నియమం ఎవరు పాటిస్తారండీ! అంతకన్నా పనికొచ్చేది ఇంకోటి ఉంది. ఈ సెన్సర్ లెక్క తిరగేసి ఉంటుంది, వెలుగు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. బతికున్న కాట్రిడ్జ్ పక్కన లక్స్ మీటర్ పెట్టి నీడలో, మబ్బులో, ఎండలో ఆ అంకెలు రాసి రోమ్ ఫైల్‌తోపాటు దాచండి. ఒక్క కాట్రిడ్జ్ చాలదు, కనీసం మూడు కావాలి, సెన్సర్‌లో వెలుగు పట్టే ఫోటోడయోడ్లన్నీ ఒకేలా చదవవు.

నీడచాటు:
మూడు నాకు దొరకవు, ఒకదాని అంకెలైతే ఆదివారం పెడతా. మబ్బు పట్టకపోతే.