స్కూల్లో తుపాకీతో పోలీసు: బోర్డు ఓటుకు ముందు ఏం అడగాలి?

మిడిల్‌స్కూల్_పేరెంట్

అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్నవాళ్లకి ఒక ప్రశ్న. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఇప్పటిదాకా హైస్కూల్లోనే పోలీసు ఉండేవారు. ఇప్పుడు మిడిల్, ఎలిమెంటరీ స్కూళ్లకి కూడా ఒక్కో సాయుధ అధికారిని పెట్టాలని షెరీఫ్ ఆఫీసుతో ఒప్పందం రాస్తున్నారు. ఎస్‌ఆర్‌ఓ (స్కూల్ రిసోర్స్ ఆఫీసర్) అంటారు కదా, అదే. వచ్చే నెల స్కూల్ బోర్డు ఓటు. మాట్లాడ్డానికి మనిషికి 3 నిమిషాలు ఇస్తారట.

వాట్సాప్ గ్రూపులో సగం మంది "ఉంటేనే ధైర్యం" అంటున్నారు, మిగతా సగం "పిల్లలకి బేడీలు వేస్తారు" అంటున్నారు. నాకు కావాల్సింది పనికొచ్చే వివరం. పోలీసు ఉంటే కాల్పులు నిజంగా ఆగుతాయా? ఒప్పందంలో ఏం చూడాలి? పిల్లలకి ఏం చెప్పి ఉంచాలి?

కంట్రోల్‌రూమ్

ఆగిన సందర్భాలున్నాయి, ఆగనివీ ఉన్నాయి. ఒకవైపే చెప్పేవాళ్ల లెక్క తీసుకోకండి.

ఆగినవి: 2018 మే 16న ఇల్లినాయ్‌లోని డిక్సన్ హైస్కూల్లో గ్రాడ్యుయేషన్ రిహార్సల్ జరుగుతుండగా ఒక మాజీ విద్యార్థి తుపాకీతో వచ్చాడు. అక్కడి ఎస్‌ఆర్‌ఓ వెంటపడి, కాల్చి పట్టుకున్నారు. ఎవరూ చనిపోలేదు. 2024 సెప్టెంబర్ 4న జార్జియాలోని అపలాచీ హైస్కూల్లో నలుగురు చనిపోయారు. స్కూల్లో ఉన్న అధికారులు ఎదురవగానే ఆ కుర్రాడు లొంగిపోయాడు. వాళ్లు లేకపోతే ఆ నాలుగు ఎక్కడ ఆగేదో చెప్పలేం.

ఆగనివి: 1999లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్ కాల్పులప్పుడు సాయుధ అధికారి ఉన్నారు. దాడి మొదలయ్యే వేళకి భోజనం కోసం తన కారులో, బడి అవతలి వైపు ఉన్నారు. తిరిగొచ్చి సుమారు 60 గజాల దూరం నుంచి పిస్తోలుతో కాల్చారు, తగల్లేదు. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడా పార్క్‌లాండ్‌లో 4 నిమిషాల్లోపే 34 మందికి తూటాలు తగిలాయి, వాళ్లలో 17 మంది చనిపోయారు. 45 ఎకరాల ఆవరణ, 3 వేలకి పైగా పిల్లలు, ఒక్క డిప్యూటీ. ఆయన భవనం దాకా వచ్చి బయటే నిలబడిపోయారు. తర్వాత ఆయన మీద క్రిమినల్ కేసు పెడితే 2023లో జ్యూరీ నిర్దోషి అంది. బోర్డు మీటింగ్‌లో ఇది గుర్తుపెట్టుకోవాలి: లోపలికి వెళ్లకపోవడాన్ని కోర్టులో నేరంగా నిలబెట్టడం చాలా కష్టం. కాబట్టి వెళ్లాలన్న నియమం, దానికి తగ్గ శిక్షణ ముందే రాతలో ఉండాలి.

2022 మే 24న టెక్సస్ యువాల్డీ సంగతి మరీ ఘోరం. ఆ డిస్ట్రిక్ట్‌కి సొంత పోలీసు విభాగమే ఉంది. దుండగుడు లోపలికి దూరిన 3 నిమిషాల్లో అధికారులూ లోపల ఉన్నారు. అయినా గది తలుపు దాటడానికి 77 నిమిషాలు పట్టింది. మొత్తం 376 మంది అధికారులు వచ్చారు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. "తలుపు వెనక ఉన్నాడు, ఇప్పుడు కాల్పులు వినిపించడం లేదు" అని దాన్ని నక్కి కూర్చున్న మనిషి కేసులా, తొందర లేనట్టు చూశారు. కమాండ్ ఎవరిదో తేలలేదు. రేడియోలు భవనంలో సరిగా పనిచేయలేదు. తాళంచెవుల కోసం వెతికారు, ఆ తలుపు అసలు తాళం పడి ఉందో లేదో ఎవరూ తిప్పి చూడలేదు.

ఇక సమయం లెక్క. కనెక్టికట్ శాండీ హుక్‌లో 2012లో 20 మంది పిల్లల్నీ ఆరుగురు సిబ్బందినీ చంపడానికి పట్టింది 5 నిమిషాలు. పెద్ద ఆవరణలో ఒక్కరే ఉంటే, ఏ మూలన మోగిందో తెలిసి, పరుగెత్తి, సరైన తలుపు దగ్గరికి చేరేసరికి అందులో సగం పోతుంది. చేరినా గురి అంత తేలిక కాదు. న్యూయార్క్ పోలీసుల మీద 2008లో ర్యాండ్ సంస్థ చేసిన అధ్యయనంలో, ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు వాళ్ల తూటాల్లో తగిలింది సుమారు 18 శాతం. మిగతావి ఏదో ఒక గోడకో, గోడ వెనక ఉన్నవాళ్లకో తగులుతాయి. పిల్లలున్న కారిడార్‌లో ఇది పెద్ద విషయం.

లెక్కల_పంతులు

మీటింగ్‌లో ఎవరో ఒకరు "సాయుధ గార్డు ఉన్న స్కూళ్లలో చావులు ఎక్కువని రీసెర్చ్ చెప్పింది" అంటారు. అది 2021 ఫిబ్రవరిలో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన పేపరు. 1980 నుంచి 2019 దాకా జరిగిన 133 స్కూలు కాల్పులు, ప్రయత్నాలు చూశారు. దాదాపు నాలుగో వంతు చోట్ల సాయుధ గార్డు ఉన్నారు. మిగతా అంశాలు సరిచేశాక ఆ చోట్ల మరణాల రేటు 2.83 రెట్లు ఉంది.

దాన్ని "గార్డు వల్ల చావులు పెరిగాయి" అని చదవకూడదు. పేపరు చూసింది దాడి జరిగినవాటినీ, దాడికి దిగినవాటినీ. గార్డును చూసి ఎవడైనా అసలు రాకుండా ఉంటే వాడు ఈ లెక్కలోకి ఎక్కడు. అలాగని "గార్డు ఉంటే తగ్గుతాయి" అనడానికీ ఇందులో ఏమీ లేదు. చావడానికి సిద్ధపడి వచ్చేవాడిని యూనిఫాం భయపెట్టదన్న అనుమానం మాత్రం బలపడుతుంది.

నాకు ఎక్కువ ఉపయోగపడింది వేరే రకం అధ్యయనం. ఎస్‌ఆర్‌ఓ నిధులు కొద్దిలో దక్కిన స్కూళ్లనీ, కొద్దిలో తప్పిపోయిన స్కూళ్లనీ పోల్చి చూసింది. కొట్లాటలు, కొన్ని రకాల హింస తగ్గాయి. తుపాకీ ఘటనలు తగ్గలేదు. సస్పెన్షన్లు, బహిష్కరణలు, పోలీసులకి అప్పగించడాలు పెరిగాయి, నల్లజాతి పిల్లల విషయంలో మరీ ఎక్కువ. అంటే బోర్డు కొంటున్నది ఒకటి, దాని మీద అంటిస్తున్న లేబుల్ ఇంకొకటి.

ముందే తెలిసే అవకాశం సంగతి: సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 2002లో 37 ఘటనలు చూస్తే, 81 శాతం కేసుల్లో దాడికి ముందే కనీసం ఒక మనిషికి ఆ ఆలోచన తెలుసు. సాధారణంగా తోటి పిల్లలకి. వాళ్లు వచ్చి చెప్పేది ఎవరికి? ఎస్‌ఆర్‌ఓ మంచివాడైతే ఆయనకే చెప్తారు, అది నిజమైన లాభం. ఆయన్ని చూస్తే బేడీలు గుర్తొచ్చే స్కూల్లో ఎవరికీ చెప్పరు.

నల్లకోటు

ఒప్పందం గురించి నేను రాస్తాను. ఆ కాగితాన్ని ఎంఓయూ అంటారు. పబ్లిక్ రికార్డు, అడిగితే ఇవ్వాలి. ముసాయిదాని బోర్డు అజెండాతో పాటే పెడతారు, చాలామంది తెరవరు.

మొట్టమొదట క్రమశిక్షణ ఎవరి పని అన్న పేరా వెతకండి. క్లాసులో ఫోన్ తీయడం, ఎదురు మాట్లాడటం, క్లాసు ఎగ్గొట్టడం, దెబ్బ తగలని తోపులాట, వీటికి అధికారిని పిలవకూడదని పేరుపేరునా రాసి ఉండాలి. "అవసరాన్ని బట్టి" అని వదిలేస్తే మూడో వారానికే టీచర్లు రేడియోలో పిలవడం మొదలవుతుంది. వచ్చాక ఆయన చేతిలో ఉన్న పనిముట్లు పోలీసు పనిముట్లే. 2014లో కెంటకీలో 8, 9 ఏళ్ల పిల్లలకి, మణికట్టు సన్నగా ఉందని, మోచేతుల పైన బేడీలు వేశారు. ఇద్దరూ వైకల్యం ఉన్న పిల్లలే. అది రాజ్యాంగ విరుద్ధమని 2017లో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు. ఎలిమెంటరీకి కూడా పెడుతున్నారన్నారు కదా, మీ ఒప్పందంలో ఏ వయసు లోపు బేడీలు నిషిద్ధమో అంకెతో ఉందా చూడండి. లేకపోతే అడగండి.

ఐఈపీ (వైకల్యం ఉన్న పిల్లలకి స్కూలు రాసే ప్రత్యేక విద్యా ప్రణాళిక) ఉన్న పిల్లలకి విడిగా పేరా ఉండాలి. పిల్లవాడు అదుపు తప్పితే ముందు ప్రవర్తనా ప్రణాళిక తెలిసిన సిబ్బంది వెళ్లాలి. ఇంకొకరి ప్రాణానికి ముప్పుంటేనే అధికారి చెయ్యి వేయాలి.

తర్వాత ప్రశ్నించడం, సోదా. ఈ రెండింటి దగ్గర చట్టం తికమకగా ఉంటుంది. 1985 నాటి న్యూజెర్సీ వర్సెస్ టీఎల్ఓ తీర్పు ప్రకారం స్కూలు సిబ్బంది బ్యాగు వెతకాలంటే సహేతుకమైన అనుమానం చాలు. బయట పోలీసుకి అంతకన్నా బలమైన కారణం కావాలి. మరి స్కూల్లో ఉన్న పోలీసుకి? కోర్టులు ఒక్కో చోట ఒక్కోలా అన్నాయి. అధికారి కారణం సరిపోనప్పుడు ప్రిన్సిపాల్ చేత వెతికించడం అనే దొడ్డిదారి ఇక్కడే పుడుతుంది. "అధికారి కోరిక మీద సిబ్బంది సోదా చేయరాదు" అన్న ఒక్క వాక్యం దాన్ని మూసేస్తుంది. ప్రశ్నించడం విషయంలో 2011లో జేడీబీ వర్సెస్ నార్త్ కరొలైనాలో, 13 ఏళ్ల పిల్లవాడిని స్కూలు గదిలోనే విచారించిన కేసులో, పిల్లవాడు పోలీసు అదుపులో (కస్టడీలో) ఉన్నట్టా కాదా అన్నది తేల్చేటప్పుడు వయసు లెక్కలోకి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే తల్లిదండ్రుల్ని ముందు పిలవాల్సిందేనన్న నియమం అన్ని రాష్ట్రాల్లో లేదు. అందుకే ఎంఓయూలోకి ఎక్కించాలి.

పిల్లలకి నేర్పాల్సింది రెండు ముక్కలు. పోలీసు అడిగితే మర్యాదగా "మా అమ్మానాన్న వచ్చాక, లాయరు ఉన్నప్పుడు మాట్లాడతాను" అనాలి. పట్టుకుంటే పెనుగులాడకూడదు. ఇంకో మాట మనవాళ్లు గట్టిగా వినాలి. తమాషాకి గ్రూపులో "రేపు స్కూలు కాల్చేస్తా" అని పెడితే అది క్రమశిక్షణ కేసు కాదు. ఫ్లోరిడాలో అది సెకండ్ డిగ్రీ ఫెలనీ, అంటే తీవ్ర నేరం. పౌరసత్వం ఫారం ఎన్-400లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, కేసు కొట్టేసినా, రికార్డు సీల్ చేసినా రాయాల్సిందే. 14 ఏళ్లప్పటి జోకు ఎంత దూరం వస్తుందో చూడండి.

శిక్షణ: ఎస్‌ఆర్‌ఓల జాతీయ సంఘం నాస్రో బేసిక్ కోర్సు 40 గంటలు. అది కనీసం. స్కూలుకి వచ్చే ముందే పూర్తయి ఉండాలి, "ఏడాదిలోగా" కాదు. పోలీసు బదులు గార్డియన్‌ని పెడతామంటే అది ఇంకో రకం మనిషి, పోలీసు కాని సాయుధ సిబ్బంది. ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ తర్వాతి చట్టం ప్రకారం 144 గంటల శిక్షణ, అందులో 80 తుపాకీ మీదే. ఏ రకం వస్తున్నాడో మీ బోర్డు స్పష్టంగా చెప్పాలి.

చివరగా, అధికారిని ఎంపిక చేసే కమిటీలో ప్రిన్సిపాల్ ఉన్నారా, వద్దనుకుంటే మార్చమనే హక్కు డిస్ట్రిక్ట్‌కి ఉందా? పెట్రోలింగ్‌లో ఇష్టం లేనివాడిని స్కూలుకి తోసేయడం కొత్తేమీ కాదు.

గొళ్లెం

నల్లకోటు గారు కాగితం సంగతి చెప్పారు, నేను తలుపు సంగతి చెప్తా. నన్నడిగితే మొదటి డాలరు తాళాలకే పోవాలి.

శాండీ హుక్‌లో ముఖద్వారం తాళం వేసే ఉంది, పక్కనున్న అద్దం పగలగొట్టి వచ్చాడు. క్లాసు తలుపులకి తాళం వేయాలంటే టీచరు బయటికొచ్చి చెవి తిప్పాలి. యువాల్డీలో బయటి తలుపు టీచరు లాగి మూసినా లాక్ పడలేదు. దాడి జరిగిన 111వ గది తాళం సరిగా పడదని ముందే తెలుసు. పార్క్‌లాండ్‌లో తూటాల ధూళికి ఫైర్ అలారం మోగి మూడో అంతస్తు పిల్లలు కారిడార్‌లోకి వచ్చేశారు, కోడ్ రెడ్ (గదుల్లోనే తాళం వేసుకుని ఉండమనే హెచ్చరిక) ప్రకటించాల్సినవాళ్లు సమయానికి ప్రకటించలేదు. అదే అపలాచీలో బయటికెళ్లిన కుర్రాడు తిరిగొచ్చేసరికి క్లాసు తలుపు దానంతటదే లాక్ పడి ఉంది, లోపలివాళ్లు తుపాకీ చూసి తెరవలేదు. టీచర్ల మెడలో అలారం బటన్ ఉన్న కార్డులు ఉన్నాయి.

మీటింగ్‌లో అడగండి: ప్రతి క్లాసుకీ లోపలి నుంచి ఒక్క చేతి కదలికతో పడే తాళం ఉందా? అదే కదలికతో తెరుచుకుంటుందా? అది ఫైర్ కోడ్ కోసం. చాలామంది అడ్డుకర్రలు, గొలుసులు కొనుక్కొచ్చి ఫైర్ ఇన్‌స్పెక్టర్ చేత తీయించుకుంటారు. తలుపు పక్క అద్దానికి పగలకుండా ఫిల్మ్ ఉందా? అది తూటాని ఆపదు, చెయ్యి దూర్చి గడియ తీయడాన్ని ఆలస్యం చేస్తుంది. లాక్‌డౌన్ ఎవరైనా ప్రకటించొచ్చా, ప్రిన్సిపాల్ ఒక్కరేనా? బయటి తలుపుల్ని నెలకోసారి లాగి చూసే మనిషి పేరేంటి?

డ్యూటీరోస్టర్

పోలీసు వద్దనేవాళ్లకి డెన్వర్ గుర్తుచేస్తాను. 2020 జూన్‌లో బోర్డు ఎస్‌ఆర్‌ఓల్ని తీసేయాలని నిర్ణయించింది. 2023 మార్చి 22న ఈస్ట్ హైస్కూల్లో భద్రతా ఒప్పందం కింద ఒక విద్యార్థిని రోజూ తడిమి చూడాలి. ఆ పని ఇద్దరు డీన్‌ల (స్కూలు నిర్వాహకుల) మీద పడింది. ఆ రోజు అతను తుపాకీ తీసి ఇద్దర్నీ కాల్చాడు. ఇద్దరూ బతికారు. ఆ వెంటనే బోర్డు తన విధానాన్ని పక్కన పెట్టి పోలీసుల్ని వెనక్కి పిలిచింది. ఆయుధం ఉండొచ్చని అనుమానం ఉన్న పిల్లవాడిని నిరాయుధులైన స్కూలు సిబ్బంది తడమడం నాకైతే తప్పుగానే కనిపిస్తుంది. పోలీసు వద్దంటే, ఆ పని ఎవరు చేస్తారో ముందు రాయండి.

పెట్టాలంటే రోస్టర్ చూడండి. స్కూలుకి ఒక్కరు అంటే అర్థం ప్రతిరోజూ ఒక్కరు ఉంటారని కాదు. సెలవు, జబ్బు, కోర్టు వాయిదా, శిక్షణ, పక్క స్కూల్లో గొడవ. బదులు ఎవరొస్తారు, వాళ్లకి ఆ భవనం తెలుసా? భోజనం ఎక్కడ? కొలంబైన్ అందుకే చెప్పారు పైన. హోల్‌స్టర్ (తుపాకీ ఒర) ఎదుటివాడు లాగితే తుపాకీ ఊడిరాని రకమా? తుపాకీ ఒంటి మీద నుంచి తీయకూడదన్న నియమం ఉందా? 2018 మార్చిలో వర్జీనియా అలెగ్జాండ్రియాలో మిడిల్ స్కూలు ఎస్‌ఆర్‌ఓ తన ఆఫీసులోనే పొరపాటున కాల్చారు. ఎవరికీ తగల్లేదు.

డబ్బు సంగతి: టెక్సస్ 2023లో ప్రతి క్యాంపస్‌కి సాయుధ అధికారి తప్పనిసరి అంటూ ఇచ్చింది క్యాంపస్‌కి 15,000 డాలర్లు, విద్యార్థికి 10 డాలర్లు. దాంతో ఒక పూర్తికాలపు అధికారి జీతం రాదు. మీ దగ్గర మిగతాది ఏ ఖాతాలోంచి తీస్తున్నారో అడగండి. కౌన్సెలర్ పోస్టు ఖాళీగా ఉంచి ఇది నింపుతుంటే అది బడ్జెట్ షీట్‌లో కనిపిస్తుంది.

మిడిల్‌స్కూల్_పేరెంట్

అందరికీ థాంక్స్. ముసాయిదా తీసి చూశాను. క్రమశిక్షణ పేరాలో "స్కూలు నిర్వాహకుల విచక్షణ మేరకు" అని ఉంది. వయసు అంకె ఎక్కడా లేదు. 3 నిమిషాల్లో ఏది వదిలేయాలి?

నల్లకోటు

గణాంకాలు వదిలేయండి, వాటి మీద బోర్డు ఓటు వేయదు. ఆ "విచక్షణ మేరకు" వాక్యాన్ని చదివి, దాని బదులు మీరు రాసిన వాక్యం చదవండి. రెండోది బేడీల వయసు. మూడోది తల్లిదండ్రులకి ఫోన్. ప్రింటు తీసి ఒక్కో కాపీ సభ్యులందరికీ, ఒకటి క్లర్కుకి ఇవ్వండి. క్లర్కుకి ఇచ్చింది మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) చేర్చమని నోటితో అడగండి, అడగకపోతే చాలాచోట్ల చేర్చరు.

గొళ్లెం

ఆఖరి 20 సెకన్లు తాళాలకి ఉంచండి. "ఎన్ని క్లాసులకి లోపలి తాళం లేదు?" అని అంకె అడగండి. జవాబు ఆ రోజు రాదు, తర్వాతి మీటింగ్ అజెండాలోకి వస్తుంది.